దేవుడికి అయిదుకి ఎన్ని?

మా వాల్బుర్గా గారికి ఒకటే జబ్బు. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ "దేవుణ్ణి ఎంత నమ్ముతారు? ఒకటి నుంచి అయిదులోపు చెప్పండి" అని నిలదీస్తారు.

బవేరియాలో మా విశ్వవిద్యాలయంలో నాది ఆవిడ పక్క బల్ల. జనం భక్తిని అంకెల్లో కొలిచే ఇంగ్లీషువాళ్ళ ప్రశ్నావళిని జర్మన్‌లోకి దించే పని ఆవిడ నెత్తినేసుకున్నారు. చిక్కేమిటంటే మా జర్మన్‌లో 'నమ్ముతాను' అన్నా, 'అనుకుంటాను' అన్నా ఒకటే మాట.

"దేవుడున్నాడా?" అని మాంసం కొట్టాయన్ని అడిగారు.

"ఉన్నాడనే అనుకుంటా. సాసేజీలెన్ని?"

"అది నమ్మకమా, ఊహా?"

"వెనక జనం ఉన్నారమ్మా తల్లీ!"

పళ్ళ డాక్టరు డ్రిల్లు పట్టుకోగానే, "ఒక్క క్షణం! దేవుడికెంత?"

"మూడు. నోరు తెరవండి."

"నాకు మాత్రం ఇప్పుడు అయిదే!"

చర్చి ఫాదరైతే నాలుగన్నారు. "అయిదు కాదా ఫాదర్?" అంటే, "ఇవాళ సోమవారం కదమ్మా" అని నిట్టూర్చారు.

ఆవిడ ఇంటి పై అంతస్తులో బ్రాండ్‌ల్ అని, డాన్యూబ్ నది మీద పడవలు నడిపిన ముసలాయన ఉండేవాడు. భార్య పోయాక తలుపేసుకున్నాడు. ఫాదర్ వెళ్ళినా తియ్యలేదు, ఇరుగుపొరుగు సూపు పట్టుకెళ్ళినా తియ్యలేదు. ఈవిడ వెళ్ళి తలుపు బయటినుంచే అడిగారు.

"సున్నా!" అని లోపల్నుంచి గర్జన.

"సున్నా లేదండీ. ఒకటి నుంచే మొదలు."

తలుపు ధడాలున తెరుచుకుంది. "సున్నా లేకపోవడమేంటి? అదేం లెక్క?"

అంతే, ప్రతి ఆదివారమూ వాదనే. ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ అడిగితేగానీ ప్రశ్న నికరమో కాదో తేలదని ఆవిడ శాస్త్రం. వాదనకి కాఫీ తోడైంది, కాఫీకి ఆపిల్ కేకు తోడైంది.

"ప్రశ్నావళి నిరుడే అచ్చయిపోయింది కదండీ?" అన్నాన్నేను.

ఆవిడ మొహం కందగడ్డైంది. "ఆయనతో అనకండి. మళ్ళీ తలుపేసుకుంటాడు."

నేను అనలేదు. ఒక ఆదివారం ఆవిడకి జలుబు చేస్తే, ఆ కబురు మోసుకుని పైకి వెళ్ళాను. ముసలాయన ఇస్త్రీ చొక్కా తొడిగి, మీసం దువ్వి, కేకు కోసి కూర్చున్నాడు. కబురు వినగానే నీరుగారిపోయాడు.

"ఆ ప్రశ్నావళి పని ఎప్పుడో అయిపోయిందని తెలుసులే బాబూ. పాపం, ఆదివారాలు ఆవిడకి పోట్లాడ్డానికి ఎవరున్నారు? అందుకే వారానికో అంకె మారుస్తున్నా. ఎప్పుడూ ఒకే అంకె చెబితే రావడం మానేస్తుందని."

"మరి అసలు అంకె ఎంతండీ?"

ఆయన పెద్ద కేకుముక్క పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇవాళ్టికి రెండున్నర అని చెప్పు. అరలు లేవని కొట్లాడ్డానికైనా లేచొస్తుంది."