మంచుబండి ఎక్కిన కోర్టు

ఫిలొమినా గోల్డేడ్ మా ఊరి ఫెడరల్ కోర్టును గడ్డి మోసే మంచుబండి మీదికి ఎక్కించి, పదకొండు మైళ్లు తీసుకుపోయి, ఒక రైల్లో పెట్టింది. పొద్దు వాలేలోపల మళ్లీ తెచ్చి ఎక్కడిదక్కడ దించింది. సున్నపురాయి గోడలు, రాగి కప్పు, ముప్పై ఆరు మెట్లు, అన్నీ.

సరే, గోడలు రాలేదు. కప్పు కూడా రాలేదు. సిస్టర్ కునిగుండా బడిలో చదువుకున్నవాణ్ణి, అబద్ధానికొక స్కేలు దెబ్బ తిన్న చేతులివి, కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. మెట్లు కూడా రాలేదు. మిగతా కోర్టంతా వచ్చింది. బండి తోలింది నేనే.

ఉత్తర డకోటాలో ఫెడరల్ కోర్టు ఒకప్పుడు చాలా ఊళ్లలో జరిగేది. ఇప్పుడు రెండు మూడు పెద్ద ఊళ్లకే సరిపెట్టుకుంది. పాత భవనాల్లో ఒకటి బ్యాంకు అయింది, ఒకటి వకీళ్ల ఆఫీసులు అయింది. మా ఊరు మరియెన్‌తాల్‌లోని భవనంలో కింద ఇంకా పోస్టాఫీసే ఉంది. పైన, కోర్టు హాల్లో, ముసలివాళ్లకు గురువారం భోజనం పెడతారు. ఆ హాలు నేల ఇప్పటికీ అద్దంలా ఉందంటే, ఆ పుణ్యం ఫిలొమినాది.

ఆమె మా పెద్దమ్మ కూతురు. నాకన్నా పదిహేడేళ్లు పెద్ద. 1931లో ఆ భవనం ఊడ్చే పనిలో చేరింది. జడ్జి ఏడాదికి రెండుసార్లే, జూన్‌లోనూ డిసెంబరులోనూ, రైల్లో వచ్చేవాడు. ఆ రెండుసార్ల కోసం ఆమె ఏడాదంతా సిద్ధపడేది. గోడవార ఆవిరి గొట్టాలు వేడెక్కేటప్పుడు సుత్తితో కొట్టినట్టు మోగుతాయి. సాక్షి నోరు తెరిచేసరికి అవి మోగకూడదని, కోర్టు రోజు తెల్లవారకముందే బాయిలరు రాజేసి, పదింటికల్లా వాటి నోరు మూయించేది. డిసెంబరు చలిలో రాతినేల మీద జడ్జి కాళ్లు కొంకర్లు పోతాయని ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి, బల్ల కింద పెట్టేది. ఇవేవీ ఆమె పని కాగితంలో లేవు.

ఇంకొకటి కూడా లేదు. కొత్తవాళ్లు ఈ దేశ పౌరులుగా ప్రమాణం చేసేది ఆ హాల్లోనే. మావాళ్లంతా రష్యాలో గోధుమలు పండించి వచ్చిన జర్మన్లు. కోర్టంటే హడలు. ఫిలొమినా తుడుపుకర్ర పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ సరిచేసేది. "నడుం నిటారుగా పెట్టు. కుడిచెయ్యయ్యా, అది ఎడమది. గొణక్కు, జడ్జికి వినపడాలి." లోపల ప్రమాణం జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి తనూ పెదవులు కదిపేది. అయ్యాక మీగడ, ఎండు ప్రూన్లు వేసి కాల్చిన కూకెన్ అనే మా కేకు తలా ముక్క చేతిలో పెట్టేది. అది తిననిదే ఎవరినీ మెట్లు దిగనిచ్చేది కాదు. "తిను. ఇప్పుడు నువ్వు ఇక్కడివాడివి," అనేది.

1953లో, ఎండాకాలం చివర, వాషింగ్టన్ నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రభుత్వ భవనాల్లో పనిచేసేవాళ్లంతా డిసెంబరు ముప్పై ఒకటి లోపల పౌరసత్వ పత్రం చూపాలి, లేకపోతే పని ఉండదు. ఫిలొమినాకు బెంగేమీ లేదు. వాళ్ల నాన్న వెండెలిన్ పత్రం ఇంట్లో సిలువ కింద అద్దం కట్టించి ఉంది. ఎర్రముద్ర, రిబ్బను, అన్నీ ఉన్నాయి. దాన్ని గోడ మీంచి దించి, దుప్పట్లో చుట్టి, కోర్టు గుమస్తా మిస్ ప్రిచర్డ్ బల్ల మీద పెట్టింది.

ప్రిచర్డ్ దాన్ని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది.

"ఫిలొమినా, ఇది పౌరసత్వం కాదు."

"ముద్ర ఉంది కదమ్మా."

"ముద్ర ఉంది. ఇది మొదటి కాగితం. పౌరుణ్ణి కావాలని ఉంది అని మీ నాన్న చెప్పుకున్న మాట, అంతే. అయిదేళ్ల తర్వాత వచ్చి రెండో కాగితం తీసుకోవాలి. తీసుకోలేదు. ఆయన పౌరుడు కాకపోతే, ఆయనతో వచ్చిన నువ్వూ కాదు."

తీసుకునే అవసరం వెండెలిన్‌కు కనపడలేదు. మొదటి కాగితానికే ప్రభుత్వం నూట అరవై ఎకరాలు ఇచ్చింది. భూమి ఇచ్చినవాళ్లు మనుషుల్ని కాదంటారా అనుకున్నాడు. ఆయన దున్నుకున్నాడు, పండించుకున్నాడు, చచ్చిపోయాడు. మూడేళ్ల పిల్లగా ఓడ దిగిన ఫిలొమినా నలభై ఏడేళ్లు వచ్చేదాకా ఏ దేశానికీ చెందకుండా, ఇరవై రెండేళ్లు ఈ దేశం కోర్టు నేల తుడిచింది.

అప్పటికప్పుడు అర్జీ పెట్టింది. నవంబరులో అధికారి వచ్చి పరీక్ష చేసి వెళ్లాడు. మిగిలింది ప్రమాణం ఒక్కటే. డిసెంబరు పదిహేడున జడ్జి లిండ్‌విక్ వస్తాడు, చేయిస్తాడు. అది తప్పితే మళ్లీ జూన్. జూన్ నాటికి ఆమె చీపురు ఇంకొకరి చేతిలో ఉంటుంది.

పదహారున మంచు తుపాను కొట్టింది. ఎలాంటిదంటే, మా బావమరిది గుర్రాల నీడలు నేలకు అతుక్కుపోయాయి, గడ్డపారతో పెళ్లగించాల్సి వచ్చింది. సరే, నీడలు కాదు, గిట్టలు. జడ్జి ఉన్న రైలు బ్రెన్నర్ మలుపు దగ్గర, మాకు పదకొండు మైళ్ల దూరంలో, కూరుకుపోయింది. ఆ సాయంత్రం స్టేషన్ మాస్టరు తంతి పట్టుకుని పోస్టాఫీసుకు వచ్చాడు. నేనక్కడ ఉత్తరాలు వేరుచేసే గుమస్తాని. ఫిలొమినా కౌంటరు ఇత్తడి కటకటాలు తుడుస్తోంది. తంతి గట్టిగా చదివాను: ముందు దారి మూసుకుంది, రేపు ఒంటిగంటకు వేరే ఇంజను వచ్చి రైలును వెనక్కి లాగుతుంది, కోర్టు జూన్‌కు వాయిదా.

ఫిలొమినా తుడిచిన కటకటాన్నే మళ్లీ తుడిచింది. తర్వాత మేడెక్కి ప్రిచర్డ్‌ను అడిగింది.

"కోర్టంటే ఏంటమ్మా?"

"అదేం ప్రశ్న?"

"ఈ గోడలా?"

ప్రిచర్డ్ రూళ్ల మనిషి. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. "గోడలు కాదు. జడ్జి ఉండాలి, గుమస్తా ఉండాలి. ముద్ర, రికార్డు పుస్తకం, జెండా ఉండాలి. ఎవరైనా వచ్చి చూసే వీలుండాలి."

"జడ్జి అక్కడున్నాడు. తక్కినవి ఇక్కడున్నాయి," అంది ఫిలొమినా. మెట్ల మీంచి కిందికి వంగి నన్ను కేకేసింది. "ఒరేయ్ అంబ్రోస్! మీ బావమరిది మంచుబండి ఖాళీయేనా?"

"అక్కా, నీకు మతిపోయిందా? గడ్డకట్టి చస్తాం."

"నువ్వు చావవు. నీలో ఉన్నదంతా కోతల వేడిగాలే. వెళ్లి గుర్రాలు అడుగు."

స్టేషన్ మాస్టరుతో జడ్జికి తంతి కొట్టించాను: "అక్కడే ఉండండి. కోర్టు వస్తోంది." పావుగంటలో జవాబు వచ్చింది: "ఏ కోర్టు?"

మర్నాడు ఆకాశం తేటపడింది. ఏడింటికి బయలుదేరాం. గడ్డి పరిచిన బండి మీద జెండా, రికార్డు పుస్తకం, కాగితాల మీద ముద్ర ఒత్తే ఇనుప యంత్రం, నాలుగు దుప్పట్లలో చుట్టిన మిస్ ప్రిచర్డ్. వీటన్నిటి మధ్య జడ్జి ఓక్ కుర్చీ, తలకిందులుగా.

"కుర్చీ ఎందుకక్కా? రైల్లో బెంచీలుంటాయి."

"వేరే కుర్చీలో కూర్చుంటే ఆయనకు నడుం నొప్పి. నడుం నొప్పితో ఉన్నవాడు నాకు ప్రమాణం సరిగ్గా చేయిస్తాడా? తోలు."

కాల్చిన ఇటుక తన ఒళ్లో పెట్టుకుంది. కూకెన్ డబ్బా కాళ్ల దగ్గర ఉంది. దారి పొడుగునా ఆమె మాట్లాడింది ఒక్కటే మాట. "మన అమ్మలిద్దరూ ఒకే ఓడ దిగారు కదరా. మీ నాన్న కాగితం ఎలాంటిదో ఎప్పుడైనా చదివావా?" చదవలేదు. నేను ఇక్కడే పుట్టినవాణ్ణి, నాకా అవసరం రాలేదు. అది మా ఇంట్లోనూ సిలువ కిందే ఉంది.

పన్నెండుకు రైలు కనపడింది, చిమ్నీలూ పైకప్పులూ మాత్రమే. మేం రైల్లో సామాన్లు వేసే పెట్టె దగ్గర ఆగి కుర్చీ ఎత్తుతుంటే కండక్టరు అడ్డొచ్చాడు.

"టికెట్లు?"

"మేం ప్రయాణికులం కాదయ్యా, కోర్టు," అంది ఫిలొమినా.

"కోర్టుకైనా టికెట్ కావాలి. రూలు."

లోపలి నుంచి జడ్జి లిండ్‌విక్ వచ్చాడు. ఆరడుగుల నార్వే మనిషి, కోటు మీద కోటు తొడిగి, మెడకు రైల్వే దుప్పటి చుట్టుకుని ఉన్నాడు. కుర్చీని చూశాడు, ప్రిచర్డ్‌ను చూశాడు, చివరికి ఫిలొమినా చేతిలోని ఇటుకను చూశాడు.

"టికెట్ అడిగితే అది అందరికీ తెరిచిన కోర్టు కాదు," అన్నాడు కండక్టరుతో. "అందరికీ తెరవకపోతే నేను జడ్జిగా కూర్చోను. కూర్చోకపోతే ఈవిడ ఆ చూపుతో నిన్నే చూస్తుంటుంది, రైలు కదిలేదాకా. ఏమంటావ్?"

కండక్టరు పక్కకు జరిగాడు.

సామాన్ల పెట్టెలో రెండు పాల డబ్బాలూ ఒక శవపేటికా ఉన్నాయి. పేటిక ఖాళీదేలెండి. దాని మీద రికార్డు పుస్తకం పరిచాం. జెండా ఒక మూల నిలబెట్టాం. చలికి విసిగిపోయిన ప్రయాణికులంతా వేడుక చూడటానికి దూరారు. జడ్జి తన కుర్చీలో కూర్చుని, కాళ్లు ఇటుక మీద పెట్టి, "అమ్మయ్య!" అన్నాడు. ప్రిచర్డ్ కోర్టు మొదలైందని చాటింది.

జడ్జి ఏదైనా చెప్పుకోవాల్సింది ఉందా అని అడగగానే ఫిలొమినా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఉందయ్యా. పౌరురాల్ని కాకుండానే, తెలియక ఏడుసార్లు ఓటేశాను."

జడ్జి చెవి గోక్కున్నాడు. "ఇంజను ఆవిరి చప్పుడుకి నాకేమీ వినపడలేదు. మిస్ ప్రిచర్డ్, మీకు?"

"నాకు చలికి చెవులే లేవండి," అంది ప్రిచర్డ్. నిజానికి ఇంజను నిప్పు ఆరిపోయి మూడు గంటలైంది.

ప్రమాణం ఒక్కో మాటా గుమస్తా చదవాలి, ఫిలొమినా తిరిగి చెప్పాలి. ప్రిచర్డ్ దవడలు టకటకలాడి మొదటి మాటే రాలేదు. ఫిలొమినా ఆమె భుజం మీద చెయ్యేసి, "వద్దులే అమ్మా, నాకు వచ్చు," అంది. కుడిచెయ్యి ఎత్తింది. నడుం నిటారుగా పెట్టింది. ఇరవై రెండేళ్లు తలుపు దగ్గర పెదవులతో చెప్పిన ప్రమాణాన్ని ఈసారి గొంతుతో చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. ఇన్నేళ్లూ అందులో మనిషి పేరు వచ్చే చోట ఆమె పెదవులు ఆగిపోయేవట. ఆ రోజు అక్కడ "ఫిలొమినా గోల్డేడ్" అంది. రైలు చివరిదాకా వినపడింది.

ప్రిచర్డ్ ముద్ర ఒత్తింది. ఫిలొమినా గబగబా కూకెన్ డబ్బా తెరిచి ముక్కలు చేయబోయింది. అది రాయిలా గడ్డకట్టింది. బ్రేకుమన్ గొడ్డలి తెచ్చాడు. అలవాటు ప్రకారం ఆమె మొదటి ముక్కను పక్కనున్న ప్రయాణికుడికి ఇవ్వబోతుంటే, జడ్జి లేచి, ఆ ముక్కను ఆమె చేతిలోంచి తీసుకుని, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"తినండమ్మా. మీరు ఇక్కడివారు."

కొరకడానికి వీల్లేదు. అయినా బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా అలాగే నిలబడింది.

ఆ తర్వాత జరిగిందానికి మా జిల్లా మొత్తం ఆమెకు రుణపడి ఉంది. ఆ క్రిస్మస్‌కు ఇంటింటా సిలువ కింద అద్దం కట్టిన కాగితాలు దిగాయి. జనం వాటిని దుప్పట్లలో చుట్టి ప్రిచర్డ్ బల్ల దగ్గర వరసకట్టారు. తర్వాతి రెండేళ్లలో అరవై ముగ్గురు ఆ మెట్లెక్కారు, షెరీఫ్‌తో సహా. సరే, షెరీఫ్ కాదు, ఆయన కింద పనిచేసే డిప్యూటీ. ఆ అరవై ముగ్గురిలో మా అమ్మ ఒకతి. మా అమ్మ ఎత్తిన ఎడమచేతిని ఫిలొమినా మెట్ల దగ్గర సరిచేయడం నేను కళ్లారా చూశాను. అమ్మ పోయేదాకా ఆ రెండో కాగితం ఆమె ప్రార్థన పుస్తకంలోనే ఉంది. అందుకే ఇదంతా రాశాను. ఎవరో ఒకరు రాసి ఉంచాలి కదా.

1964లో కోర్టు మా ఊరు వదిలి వెళ్లిపోయింది. ఫిలొమినా మరో ఏడేళ్లు ఆ హాలు తుడిచింది. ఇప్పుడామెకు తొంభై ఒకటి. నిన్న గురువారం భోజనంలో ఆమె పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. నూడుల్స్ సూపు తాగుతూ చివరిదాకా విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయిందక్కా."

"ఒక్క ముక్క నిజం లేదు. ఆ రోజు రైలు సరిగ్గా పదింటికి మన స్టేషన్‌కే వచ్చింది. నేను ఏ ప్రమాణమూ చేయలేదు, నాకు చేసే అవసరమే లేదు. నేను మొదట్నుంచీ ఇక్కడిదాన్నే," అంది. చెంచా కింద పెట్టి మూతి తుడుచుకుంది. "పైగా, ఒరేయ్, నీకు గుర్రాలు తోలడం ఎప్పుడొచ్చని?"