యూసుఫ్ చాచా సాయంకాలం బండి

వేడెక్కిన దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. మా బడిలో మూలన పడేసిన పాత కంప్యూటరు ఒకటి పనికొస్తుందేమోనని మొన్న ఆన్ చేసి చూశాను. లోపలి ఫ్యాను గరగరమని తిరిగింది, ఆ వాసన వచ్చింది. అంతే, నేను మళ్లీ కల్వకుర్తిలో, యూసుఫ్ చాచా ఇంటి ముందుగదిలో ఉన్నాను. కిటికీలోంచి సాయంత్రపు ఎండ బండల మీద పడి ఉంది. చాచా కుడికాలు బల్ల కింద తిన్నగా చాపుకుని బండి నడుపుతున్నారు.

ఆయన శ్రీశైలం దారిలో సర్కారు బస్సు డ్రైవరు. నేను కాలేజీకి పోయిందంతా ఆ బస్సులోనే. చాచాకు ఒక అలవాటుండేది. ఎక్కిన ముసలమ్మ గంప దించుకుని, కొంగు సర్దుకుని, సీటుకు ఆనుకునేదాకా అద్దంలో చూస్తూ కూర్చునేవారు. కండక్టరు ‘రైట్ రైట్’ అని అరిచినా బండి కదిలేది కాదు. నాకేమో ఒళ్లు మండిపోయేది. “జర పోనీ చాచా, క్లాసుకు టైమైతాంది” అంటే, అద్దంలోంచే నన్ను చూసి, “క్లాసు రేపు గూడ ఉంటది బిడ్డా. ఆమె పడితె నడుము మల్ల రాదు” అనేవారు.

తర్వాత ఆయన మోకాలు వంగడం మానేసింది. ఉద్యోగం నుంచి ముందే ఇంటికొచ్చేశారు. బండి లేని చాచాను చూడటం కష్టంగా ఉండేది. చేతులు ఊరికే ఉండలేక దస్తీని మడిచేవి, విప్పేవి. ఆ రోజుల్లోనే నేను ఆయన ముందుగది కిరాయికి తీసుకుని, ఎవరో వాడి వదిలేసిన ఒక్క కంప్యూటరు పెట్టుకుని, బయట ‘కంప్యూటర్ సెంటర్’ అని బోర్డు కట్టాను. ఆ ధైర్యం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

అందులో పాత యజమాని వదిలిపోయిన కారు ఆట ఒకటుండేది. రోడ్డు, రెండు వైపులా చెట్లు, దూరంగా నీలం గుట్టలు. ఒక సాయంత్రం చాచా చాయ్ తెచ్చి, తెర వైపు చూస్తూ నిలబడిపోయారు. వచ్చిన పిల్లలందరూ ఇది ఎంత జోరుగా పోతుందని అడిగినవాళ్లే. ఆయన మాత్రం, “గిది ఎట్ల ఆపుతరు?” అన్నారు. చూపించాను. మోకాలితో పనిలేదు, వేళ్లు చాలు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక, ఆ గదిలోంచి ఒక బస్సు బయలుదేరేది. ఆ చెట్లు ఆయనకు చింతచెట్లు. ఆ మలుపు డిండి మలుపు. ఆ గుట్టలు దాటితే అడవి. పందెం కట్టి పరుగెత్తాల్సిన కారును ఆయన చెట్టు నీడ చూసి పక్కకు ఆపేవారు. “ఎక్కు బిడ్డా, జాగా ఉన్నది” అనేవారు నన్ను. నేను పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. గడువైపోయిందని ఆట దానంతటదే ఆగిపోతే, దిగే ఊరొచ్చినట్టు లేచేవాళ్లం. ఎన్ని సాయంత్రాలు అలా కరిగిపోయాయో.

ఆ కంప్యూటరు ముసలిదైపోయింది. కొత్త పాఠాలు నడవవు, కొత్త ఆటలు అసలే ఎక్కవు. పిల్లలు జారిపోతున్నారు. కొత్తది కొనే తాహతు నాకు లేదు. అందుకని డబ్బా, తెర, కీబోర్డు పాతవే ఉంచి, లోపలి ప్రాసెసరునూ అది కూర్చునే మదర్‌బోర్డునూ మాత్రం మార్చాలనుకున్నాను. చాచా తోడొచ్చారు. పట్నం పోయి, కోఠిలో పాత బోర్డు ఇచ్చేసి, వాడిన బోర్డే అయినా దానికంటే మేలైనది తెచ్చుకున్నాం. తిరుగు బస్సులో చాచా దాన్ని తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, డ్రైవరుతో, “తమ్మీ, గుంతలకాడ జర నిమ్మళంగ. ఒళ్లె చంటిపిల్ల ఉన్నది” అన్నారు. బస్సంతా నవ్వింది. ఆ డ్రైవరు నిజంగానే నిమ్మళంగా పోయాడు.

బోర్డు బిగించాను. కంప్యూటరు చిటికెలో లేచింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. “రా చాచా, మొదటి ట్రిప్పు నీదే” అన్నాను.

ఆయన వేలు ఆనించారో లేదో, కారు ఎగిరి చెట్టుకు గుద్దుకుంది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ చెట్టే. ఆ పాత ఆట వేగం ప్రాసెసరు వేగాన్ని బట్టి ఉంటుందని నాకప్పుడు తెలియదు. చింతచెట్లూ, గుట్టలూ, డిండి మలుపూ కంటికి ఆనకుండా కొట్టుకుపోతున్నాయి. చాచా చేతులు ఒళ్లోకి తీసుకున్నారు. “తొవ్వ మంచిగైంది బిడ్డా. డ్రైవరే పాతవడ్డడు” అని, గోడ పట్టుకుని లోపలికి వెళ్లారు.

మర్నాడు సాయంత్రం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. చాచీ గడపలో నిలబడి మెల్లగా చెప్పింది. “మోకాలు పోయిననాడు గిట్లనే గోడ దిక్కు జూస్కుంట కూసున్నడు. మల్ల గదే తీరు.” వెనక్కి మార్చుదామంటే పాత బోర్డు లేదు. ఆయనింకా కూర్చోకముందే నేను బండి కదిలించేశాను.

డబ్బా మళ్లీ విప్పి దాని ముందే కూర్చున్నాను. డబ్బా ముందు భాగంలో ఎవరూ ముట్టని చిన్న బొత్తం ఒకటుంది, ‘టర్బో’ అని రాసి. దాని తీగ లోపల ఊరికే వేలాడుతోంది. అది లేకపోయినా కంప్యూటరు నడుస్తోంది కదా అని నేను వదిలేసిన తీగ. బోర్డు మీద దానికి తగ్గ పిన్నులు వెతికి తగిలించాను. బొత్తం నొక్కాను. పక్కనున్న పసుపు దీపం ఆరిపోయింది. ఆట తెరిస్తే చెట్లు ఒక్కొక్కటిగా, నడిచి వచ్చినట్టు వచ్చాయి. వేగం కోసమనుకున్న బొత్తం నెమ్మది కోసం కూడానట. నాకు ఏడుపొచ్చింది.

బతిమాలి చాచాను తెచ్చి కూర్చోబెట్టాను. వేలు ఆనించి, మొదటి చెట్టు దాటేదాకా ఊపిరి బిగబట్టారు. తర్వాత భుజాలు దిగాయి. చెట్టు నీడన ఆపి, ఎడమవైపు పైకి, అద్దం ఉండాల్సిన చోటికి చూసి, “అందరు కూసున్నరా?” అన్నారు. ఎన్నడూ ఆ గదిలో కూర్చోని చాచీ చప్పున నా స్టూలు మీద కూర్చుని, “ఆఁ, కూసున్నం. పోనీ” అంది.

చాచా పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. ఈమధ్య, బడిలో మధ్యాహ్నం అన్నం వండే యాదమ్మ కూడా నేర్చుకోవడానికి వస్తోంది. మొదటిరోజు మౌసు పట్టుకుని, “బాణం గుర్తు ఉరుకుతాంది మేడం. నాకు రాదిది” అని లేవబోయింది. వెనక పిల్లలు తొందరపడుతున్నారు. నేను సెట్టింగులోకి పోయి బాణం వేగం బాగా తగ్గించాను. ఆమె చీరకొంగు సర్దుకుని, కుర్చీకి వీపు ఆనించేదాకా చూస్తూ ఉన్నాను.

“కూసున్నవా అమ్మా?”

“కూసున్న.”

అప్పుడు మొదలుపెట్టాను.