ఫిబ్రవరి ఇరవై తొమ్మిది

బాగేపల్లి దగ్గర సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో మా ఇంజనీరమ్మ నోట ఎప్పుడూ ఒకటే మాట: "ఆర్డర్ రానీప్పా." ఎవరో అడక్కుండా స్విచ్ వేయడంతో ఒక లైన్‌మ్యాన్ తీగ మీదే కాలిపోవడం ఆమె కళ్లారా చూసింది. అందుకే ఆ మాటను మేమెవరం ఎగతాళి చేసేవాళ్లం కాదు.

లీపు సంవత్సరం వచ్చింది. ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదో తేదీ ఉంటుందని లైన్లను నడిపే కొత్త కంప్యూటర్‌కు తెలియదు. ఆ పొద్దున అది పరగోడు లైన్‌ను ఆపేసింది. స్విచ్ చేత్తో కూడా వేయొచ్చు. కానీ కంప్యూటర్ కంపెనీవాళ్లు వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దని బెంగళూరు ఆఫీసు ఫోన్‌లో చెప్పింది.

ఇంతలో పరగోడు నుంచి ఒకామె స్కూటర్ మీద వచ్చింది.

"మా నాయనకు పెట్టిన ఆక్సిజన్ మిషన్ ఆగిపోయిందమ్మా. ఊపిరాడక కొట్టుకుంటాండాడు. కరెంటు ఇడవండమ్మా."

"లైన్ మింద మనోళ్లు ఎవురూ లేరు మేడమ్, ఫోన్ చేసి కనుక్కున్యా" అన్నాను.

ఇంజనీరమ్మ ముఖం పాలిపోయింది. అయినా, "ఆర్డర్ రానీప్పా" అంది.

ఆర్డర్ మధ్యాహ్నం వచ్చింది. అప్పటికే ఆ పెద్దాయన చింతామణి ఆసుపత్రికి పోయే దారిలో ప్రాణం విడిచాడు.

విచారణలో తప్పంతా కంప్యూటర్‌దేనని తేల్చారు. ఇంజనీరమ్మ మీద మచ్చ పడలేదు. అయినా ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది.

"కంప్యూటర్ సరిచేసినారమ్మా. వచ్చే లీపు సంవత్సరం ఇట్ల కాదు" అంది. ఓదార్పుగా చెప్పడానికి ఆమె దగ్గర అంతకంటే ఏమీ లేదు.

కూతురు ఆమెను కూర్చోమనలేదు.

"మా ఇంట్లో ఇంక కరెంటుతో బతికేవాళ్లు ఎవురూ లేరులేమ్మా" అంది.