పెద్ద గాలికి పెద్ద బోర్డు

ఆ రోజుల్లో నాకు నీళ్ళంటే భయం, ఇమ్మిగ్రేషన్ వాళ్ళంటే ఇంకా భయం. ఈ రెండింట్లో ఏది పెద్ద భయమో తేల్చుకోవలసిన అవసరం మామూలుగా ఎవరికీ రాదు. నాకు వచ్చింది. మిషిగన్‌లో సెయింట్ క్లెయిర్ అనే సరస్సులో, ఒక జూన్ శనివారం మధ్యాహ్నం, తెరచాప ఊడిపోయిన విండ్‌సర్ఫింగ్ బోర్డు మీద బోర్లా పడుకుని, దాని అంచుల్ని రెండు చేతులా పట్టుకుని తూర్పు దిక్కుగా కొట్టుకుపోతున్నాను. వెనక్కి చూస్తే ఒడ్డు సన్నటి ఆకుపచ్చ గీతలా ఉంది. ముందుకి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు గానీ, ఆ నీళ్ళకి అవతల ఏముందో నాకు బాగా తెలుసు. కెనడా. నా పాస్‌పోర్టూ, స్టూడెంట్ వీసా కాగితాలూ ట్రాయ్‌లో అక్క వాళ్ళింట్లో, సూట్‌కేసు అడుగున, పంచె మడతల మధ్య భద్రంగా ఉన్నాయి. ఒంటి మీద ఒక నిక్కరు, ఒక లైఫ్ జాకెట్. నేను ఫలానా అని చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. ఈత రాదు. అప్పుడు బాగా ఆలోచించి, బోర్డు వదిలేసి నీళ్ళలోకి జారిపోయాను.

ఎందుకు జారానో చెప్పాలంటే ముందు నా చదువు సంగతి చెప్పాలి. అమెరికా రాకముందు రెండేళ్ళు విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా పని చేశాను. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా ‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని అధికారులు హెచ్చరించారు’ అన్న వాక్యం నా చేతి మీదుగానే అచ్చుకి వెళ్ళేది. ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. అది నాలాంటివాడికి కూడా వర్తిస్తుందని ఒక్కసారీ అనుకోలేదు. ఆ తర్వాత పై చదువుకని మిషిగన్ వచ్చి, మొదటి వేసవి సెలవులకి అక్క వాళ్ళింట్లో దిగాను. అప్పటికే మా యూనివర్సిటీలో తెలుగు కుర్రాళ్ళంతా చెప్పుకునే కథ ఒకటి ఉండేది. ఎవడో నయాగరా చూడ్డానికి వెళ్ళి, పొరపాటున వంతెన దాటి, కాగితాలు లేక తిరిగి రాలేక, చదువు అక్కడితో ఆగిపోయి అటు నుంచి అటే ఇండియా వెళ్ళిపోయాడట. వాడి పేరు ఎవరికీ తెలీదు. వాణ్ణి చూసినవాళ్ళూ లేరు. (పత్రికలో అయితే అలాంటి వార్తని నేనే చెత్తబుట్టలో వేసేవాణ్ణి.) అయినా ఆ కథ విన్న రోజు నుంచి మ్యాపులో కెనడా కనిపిస్తే నేను పేజీ తిప్పేసేవాణ్ణి.

బావగారు కార్ల కంపెనీలో ఇంజినీరు. కారు గతుకుల్లో పడ్డప్పుడు లోపలి మనిషి అదరకుండా చూడటం ఆయన పని. అందువల్ల లోకంలోని ప్రతి వస్తువునీ కారులాగే చూసేవారు. అక్క చేసిన ఇడ్లీని కూడా వేలితో నొక్కి, “సస్పెన్షన్ బాగుంది” అనేవారు. ఎనభైల్లో ఆ చుట్టుపక్కల విండ్‌సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి, తెరచాప చేత్తో పట్టుకుని గాలికి నీళ్ళ మీద పోయే ఆట) పిచ్చి బాగా ఉండేది, అది ఆయనకీ అంటుకుంది. నన్ను కూడా తీసుకెళ్ళి, నేర్చుకునేవాళ్ళ కోసం అద్దెకిచ్చే పడవంత బోర్డు మీద, నడుము లోతు నీళ్ళలో, మూడు శనివారాలు నిలబెట్టారు. పడినా లేచి నిలబడొచ్చు కాబట్టి నాకు ఈత రాదన్న విషయం బయటపడలేదు. నేనూ చెప్పలేదు. “గోదావరి పక్కన పుట్టినవాడివి, నీకు నేను నేర్పేదేంటోయ్!” అని ఆయన మొదటిరోజే అనేశాక ఇంకేం చెప్తాను?

బావగారి ఆఫీసులో ఎర్రగడ్డం ఉన్న ఒకాయన ఉండేవాడు. ఈ ఆటలో ఆరితేరినవాడు. ఆయన కొత్తవి కొనుక్కుంటూ తన పాత స్లాలమ్ బోర్డులు రెండు బావగారికి ఇచ్చాడు. స్లాలమ్ అంటే నీళ్ళలో తేలే గుర్తుల చుట్టూ మెలికలు తిరుగుతూ వేగంగా పోయే పందెం. ఆ బోర్డులు వేగం కోసం చేసినవి. ఒకటి తొమ్మిదిన్నర అడుగులు, రెండోది అంతకన్నా ఒక అడుగు తక్కువ. ఏ గాలికి ఏది వాడాలో పసుపుపచ్చ కాగితం మీద పెన్సిల్‌తో రాసి మరీ ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఆ కాగితం డైనింగ్ టేబుల్ మీద ఉంది. పక్కన పెన్సిల్ కూడా ఉంది. బావగారు గరాజ్‌లో బోర్డులు తుడుచుకుంటున్నారు. కాగితం మీద ఎడమవైపు గాలి, కుడివైపు బోర్డు. తక్కువ గాలి, పెద్ద బోర్డు. ఎక్కువ గాలి, చిన్న బోర్డు.

చదివీ చదవగానే నాలోని సబ్ ఎడిటర్ లేచి కూర్చున్నాడు. కంపోజింగ్‌లో వరసలు తారుమారు కావడం మాకు రోజూ ఉండే గొడవే. ఒకసారి పెళ్ళి ప్రకటన కింద పడాల్సిన ఫొటో సంతాప ప్రకటన కింద పడకుండా ఆఖరి నిమిషంలో పట్టుకున్న ఘనత నాది. పాపం ఎర్రగడ్డం ఆయన తొందరలో అటుదిటు రాసేశాడనుకున్నాను. పెద్ద గాలి వస్తే ఎవరైనా పెద్ద పడవ ఎక్కుతారా, చిన్న పడవ ఎక్కుతారా? పక్కనున్న పెన్సిల్ తీసుకుని ‘పెద్ద’, ‘చిన్న’ల మధ్య మా ప్రూఫు గుర్తు ఒకటి పెట్టాను. పాములా వంకర తిరిగే గీత. వీటిని అటుదిటు మార్చండని అర్థం. అనుమానం లేకుండా ఉండటానికి పక్కనే సరైన మాటలు (సరైనవని నేననుకున్న మాటలు) ఇంగ్లీషులో రాశాను. ఎవరికీ చెప్పలేదు. కాపీ దిద్దినవాడు విలేకరికి చెప్పే ఆచారం మా ఆఫీసులో లేదు.

బావగారు వచ్చి కాగితం తీశారు. “అరె, ఆయనే కొట్టేసి మళ్ళీ రాశాడే! ఎక్కువ గాలి, పెద్ద బోర్డు. చూశావా, నేను అనుకున్నదే. బండి పొడుగుంటే రోడ్డుని పట్టుకుంటుంది” అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

మర్నాడు పొద్దున గాలి పల్చగా ఉంది. నేను దిద్దిన కాగితం ప్రకారం బావగారు చిన్న బోర్డు తీసుకున్నారు. ఆయన ఎక్కి నిలబడగానే అది ఆయనతో సహా మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగిపోయింది. ఒడ్డున దుప్పటి పరిచి పులిహోర డబ్బా మూత తీస్తున్న అక్క, “ఏమండీ, మునిగిపోతున్నారేంటి?” అని కేకేసింది.

“మునగటం కాదే, సెటిల్ అవుతోంది!”

“బోర్డు మీ కింద కనపడటం లేదు మరి?”

“ఒక పది పౌన్లు తగ్గాలి నేను” అన్నారాయన నడుము లోతులోంచి. లోకంలో ఎవరికైనా ఆ కాగితం మీద అనుమానం రావలసిన క్షణం అది. మా ఇద్దరికీ ఆయన పొట్ట మీద వచ్చింది.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. పార్కింగ్ లాట్ వైపు నుంచి నీళ్ళ మీదికి వీస్తోంది. అలాంటి గాలికి ఒడ్డు దగ్గర నీళ్ళు నున్నగా, బుద్ధిమంతుల్లా ఉంటాయి. తెల్లటి నురగంతా దూరంగా ఉంటుంది. ఇక పెద్ద గాలికి పెద్ద బోర్డు ఎవరు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. “నువ్వు తీసుకో, కొత్తవాడివి, సేఫ్‌గా ఉంటుంది” అన్నారు బావగారు. “అయ్యో, మీరు తీసుకోండి, మీది కదా” అన్నాను నేను. “ఇంటికొచ్చినవాడికి చిన్నదిచ్చి నేను పెద్దది తీసుకుంటానా?” “పెద్దవారు మీరుండగా నేనా?” ఇలా రెండు చివర్లూ పట్టుకుని ఒకరి మీదికొకరు తోసుకుంటుంటే పక్కనున్న అమెరికన్ కుటుంబం మేం బోర్డు కోసం కొట్టుకుంటున్నామనుకుని పిల్లల్ని దూరంగా జరుపుకుంది. అక్కకి విసుగొచ్చి, “ఎవరో ఒకళ్ళు వెళ్ళి రండి, పులిహోర ఎండిపోతోంది. ఒరేయ్, ముందు జాకెట్ తొడుక్కో” అంది. ఆ ఒక్క మాట వల్లే ఇవాళ ఇది రాస్తున్నాను.

తెరచాప లేపానో లేదో, వెనక నుంచి ఎవరో తన్నినట్టు బోర్డు బయల్దేరింది. పెద్ద బోర్డు పెద్ద గాలిలో ఏం చేస్తుందో ఎర్రగడ్డం ఆయనకి తెలుసు. దాని ముక్కు కిందికి గాలి దూరుతుంది. ముక్కు లేస్తుంది, దబ్బుమని పడుతుంది, మళ్ళీ లేస్తుంది. తొక్కిపట్టడానికి పాదాల కింద పట్టు దొరకదు. చిన్నదైతే నీళ్ళని కోసుకుంటూ పోయేది. ఇది నీళ్ళని వదిలి గాలిపటం కావాలని చూస్తోంది. నేను దానికి కట్టిన తోకని. “భయమేస్తే చేతులు వదిలెయ్, అదే ఆగిపోతుంది” అని అద్దె బోర్డుల దగ్గర మొదటిరోజే చెప్పారు. భయమేస్తే ఇంకా గట్టిగా పట్టుకోవడం తప్ప మా వంశంలో ఎవరికీ వేరే విద్య తెలీదు. పట్టుకున్నాను. ఎంత పట్టుకుంటే అంత వేగం. బావగారి కేకలు మొదట మాటలుగా, తర్వాత శబ్దంగా వినపడి ఆగిపోయాయి. నీళ్ళ రంగు మారింది. అడుగున ఇసుక కనిపించే చోటు దాటి, ఏమీ కనిపించని చోటికి వచ్చేశాను. అప్పుడు బోర్డు ఒక్కసారి నిలువునా లేచింది.

పైకి తేలేసరికి స్తంభం ఊడి తెరచాప ఎటో పోయింది, బోర్డు మాత్రం చేతికి దొరికింది. పాకి ఎక్కాను. నోటి నిండా నీళ్ళు, పళ్ళు టకటకలాడుతున్నాయి. కేకేస్తే నా గొంతు నాకే వినపడలేదు. బరువు తగ్గిన బోర్డు హాయిగా తూర్పుకి సాగుతోంది. చచ్చిపోతానన్న భయం కొంచెంసేపే ఉంది. దాని వెనకే, ఒకవేళ చావకపోతే అన్న భయం వచ్చింది. అవతలి ఒడ్డున నిక్కరుతో తేలిన నన్ను చూసి ఎవరైనా నమ్ముతారా? అక్క పేరు చెప్పాలా వద్దా? చెప్తే వాళ్ళ గ్రీన్ కార్డులకి ఏమైనా అవుతుందా? వార్త కూడా కళ్ళముందు కనిపించింది. ‘కెనడా జలాల్లో తెలుగు విద్యార్థి’. సింగిల్ కాలమ్. ఫొటో లేదు. చదువు పోయి విజయవాడలో దిగితే, ఆ వార్త దిద్దినవాడి పక్క కుర్చీలోనే మళ్ళీ కూర్చోవాలి. అప్పుడు నాకు స్పష్టంగా తోచింది: బోర్డు వేగంగా పోతోంది, మనిషి ఒక్కడే అయితే అంత వేగంగా పోడు. బోర్డు కెనడా వెళ్తే వెళ్ళనీ, నేను అమెరికాలోనే ఉంటాను. చేతులు వదలమని చెప్పినప్పుడు వదలనివాణ్ణి, ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడని చోట వదిలేశాను.

ఎంతసేపు తేలానో తెలీదు. కాళ్ళ కింద ఏమీ లేకపోవడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఇప్పటికీ ఒక్కోసారి మంచం మీంచి కాళ్ళు కిందికి పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను. చివరికి చేపలు పట్టుకునే ముసలాయన ఒకడు మోటారు పడవలో వచ్చి జాకెట్ పట్టుకుని లాగాడు. పడవలో పడ్డాక నేనడిగిన మొదటి మాట, “సర్, ఇది కెనడాయేనా?”

ఆయన నన్నూ, నీళ్ళనీ చూశాడు. “నీకు కెనడా వెళ్ళాలా?”

“వద్దు సర్, వద్దు!”

“మంచిది. ఇంకా చాలా దూరముంది. నువ్వు ఒడ్డు నుంచి మైలు కూడా రాలేదు” అని తన కోటు నా మీద కప్పాడు. “నీ బోర్డు మాత్రం వెళ్ళేట్టుంది.”

ఒడ్డు దగ్గర బావగారు మెడలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఆయనకి వచ్చిన ఈత అంతంతమాత్రం. అక్క ఒడ్డున ఆయన విప్పేసిన చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. నన్ను చూసి ఏడుపాపి, “మీ ఇద్దరికీ ఇంకెప్పుడైనా గాలొస్తే ఇంట్లో ఫ్యాను కింద కూర్చోండి!” అంది. బావగారు ఫ్లాస్కు తెరిచి, ఉన్న కాఫీ అంతా నా కప్పులో పోసేశారు.

ఆదివారం ఎర్రగడ్డం ఆయన నన్ను చూడ్డానికి ఇంటికొచ్చాడు. బావగారు ఆ పసుపు కాగితం ఆయన ముందు పెట్టారు. కోపంగా కాదు, ఇంకా బాధగా. “మీరు రాసినట్టే చేశాం” అన్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చాలాసేపు చూశాడు. పాములాంటి ఆ గీత మీద వేలు ఆగింది. తలెత్తి ఒకసారి నావైపు చూశాడు. నేను కాఫీ కప్పులోకి చూశాను. చెప్పాలనే అనుకున్నాను, కానీ ఇల్లు వాళ్ళది, సెలవులు ఇంకా రెండు నెలలున్నాయి. “అవును, తొందరలో తారుమారు చేసి ఉంటాను. క్షమించండి, నాదే పొరపాటు” అని ఆయన లేచి, ముందు బావగారితో, తర్వాత నాతో చెయ్యి కలిపాడు. అక్క పెట్టిన పులిహోర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

ఆ తర్వాత నేను చదువు ముగించాను, ఇక్కడే పత్రికల్లో పని చేశాను, చాలామంది తప్పులు దిద్దాను. పౌరసత్వం వచ్చాక కారులో దర్జాగా వంతెన దాటి కెనడా కూడా చూసొచ్చాను. సరస్సు పక్కగా పోతున్నప్పుడు ఒడ్డు వంక చూడకుండా ఉండలేకపోయాను, బోర్డు ఏమైనా కనిపిస్తుందేమోనని. ఇప్పుడు తల్చుకుంటే ఆ కుర్రాడి మీద జాలీ, నవ్వూ కలిసి వస్తాయి: ఒక దేశంలో ఉండిపోవడానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ వదిలేసినవాడు! బావగారు ఇప్పటికీ ప్రతి విందులోనూ, “ఆ ఎర్రగడ్డం ఆయన తప్పు రాయబట్టి కదా...” అంటూ ఈ కథ మొదలుపెడతారు. నేను నవ్వాల్సిన చోట్ల నవ్వుతాను. ఎర్రగడ్డం ఆయన రిటైరై ఎటో వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు క్రిస్మస్ కార్డులు వచ్చేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. ఆ పసుపు కాగితం మాత్రం ట్రాయ్‌లో బావగారి ఫైళ్ళలో ఉంది. దాని మీది గీత ఎవరిదో ఆ ఆదివారం ఎర్రగడ్డం ఆయనకి తెలిసిందో లేదో నాకు తెలీదు.