కష్టమైన గంట

మా బడిలో ఆవిడ గది మెట్ల కింద ఉంటుంది. కాస్త పొడుగున్నవాళ్లెవరైనా తల వంచితేగాని లోపలికి వెళ్లలేరు. ఒక బీరువా, రెండు కుర్చీలు, బెల్లు కొట్టగానే పిల్లల కాళ్ల కింద దడదడలాడే కప్పు, అంతే ఆ గది. పదో తరగతి అయ్యాక ఏం చదవాలో, అది చదివితే ఏ పని చేయొచ్చో పిల్లలకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. పిల్లలు పెట్టిన పేరు మాత్రం కష్టాల టీచర్. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అంటాను, కోపం వస్తే మేడం అంటాను. ఈ ఏడాది మేడం అన్న రోజులే ఎక్కువ.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇదే ఉద్యోగం చేసే మిగతావాళ్లు గోడలకి నవ్వుతున్న డాక్టర్ల బొమ్మలు, టోపీ పెట్టుకున్న ఇంజనీర్ల బొమ్మలు అంటిస్తారు. ఆవిడ ఒక్క బొమ్మా అంటించలేదు. ఏ పిల్లైనా ఫలానా అవుతానంటే చాలు, కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి, ఆ పనిలో అన్నిటికంటే కష్టమైన గంట ఏదో కనుక్కుని, సరిగ్గా ఆ గంటకే తీసుకెళ్లి చూపించేది. నర్సునవుతానన్న పిల్లని ఆస్పత్రిలో దుప్పట్లు మార్చే వేళకి తీసుకెళ్లింది. వంటవాణ్ణవుతానన్న కుర్రాణ్ణి హోటల్ వెనక గిన్నెలు తోమే చోట నిలబెట్టింది. విమానం నడుపుతానన్నవాడికి ఏం చూపించాలో తోచక, ఆ పరీక్ష తప్పి టైర్ల కొట్టు పెట్టుకున్న ఒకాయన్ని వెతికి పట్టుకొచ్చింది. ఆయన చెప్పింది విని ఆ పిల్లాడు రెండు రోజులు మొహం వేలాడేసుకుని తిరిగాడు.

"ఎందుకక్కా, పసివాళ్ల గాలి తీసేస్తావు?" అని నేను అడిగితే, "బాగున్నప్పుడు ఏ పనైనా నచ్చుతుంది మాష్టారూ. బాగోలేనప్పుడు కూడా నచ్చిందనుకోండి, అది వాళ్లదే" అనేది. తనెప్పుడూ పిల్లలతో అబద్ధం ఆడలేదని ఆవిడకి కొంచెం గర్వం కూడా ఉండేది. ఉంటే ఉండనీ, తప్పేముంది అనుకునేవాణ్ణి.

నేను జీవశాస్త్రం చెబుతాను. పై తరగతుల్లో సైన్స్ గ్రూపు నాది. అందులో చేరడం కోసమే ఎదురుచూస్తున్న పిల్ల ఒకతి ఉండేది. కుంటి పిల్లిని చున్నీలో చుట్టుకుని నా ల్యాబుకి తెచ్చి, "కట్టు ఎలా కట్టాలి సార్?" అని అడిగిన రోజునుంచి అందరూ దాన్ని పిల్లులమ్మాయి అనేవారు. పశువుల డాక్టరు కావాలని దాని పట్టుదల. వాళ్ల నాన్న లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. తల్లి లేదు. మంచం దిగలేని నానమ్మ ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఈ పిల్ల పక్క వీధిలోని ఇంటికి పరిగెత్తి, ఆవిడకి అన్నం పెట్టి, మూతి తుడిచి, మళ్లీ క్లాసుకి పరిగెత్తుకొచ్చేది.

దీన్నీ అక్క వదల్లేదు. పశువుల ఆస్పత్రిలో, ఇక బతకదని తేలిన ఒక ముసలి కుక్కకి చివరి ఇంజెక్షన్ ఇచ్చే వేళకి తీసుకెళ్లింది. పెంచినాయన గోడకి ఆనుకుని ఏడుస్తుంటే, ఈ పిల్లే కుక్క తల పట్టుకుని నిలబడిందట. తిరిగొచ్చాక, "డాక్టరుగారు చేతులు కడుక్కుని వెంటనే ఇంకో కుక్కని చూశారు టీచర్. నేనూ అలా చేయగలను" అందట. ఆ మాట నాకు చెబుతూ ఆవిడ చిన్నపిల్లలా మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. కనీసం పదిహేను మంది చేరని గ్రూపుని ఈ ఏడాదితో ఎత్తేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లలు పేర్లిచ్చిన రోజు చూసుకుంటే సైన్సులో పదకొండు మందే తేలారు. మిగతావాళ్లు ఎక్కడికి పోయారా అని ఆరా తీస్తే, అందరూ అకౌంట్స్‌లో ఉన్నారు. వాళ్లలో ఆరుగురు ఒకప్పుడు డాక్టర్లం అవుతామన్నవాళ్లే. అక్క చూపించిన కష్టమైన గంట చూసి వెనక్కి తిరిగినవాళ్లే.

నాకు ఒళ్లు మండిపోయింది. మెట్ల కిందికి దూరి, తల కప్పుకి కొట్టుకున్నా ఆగకుండా, "సంతోషమేనా మేడం? ఏరి ఏరి ఒక్క డాక్టర్ని మిగిల్చారు. ఇప్పుడు దానికి చదువు లేకుండా చేశారు" అని అరిచాను. ఇంకో బడిలో సైన్సుంది, కానీ అది ఊరికి ఆ చివర. మధ్యాహ్నం వచ్చి నానమ్మకి అన్నం పెట్టడం కుదరదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ చెప్పులేసుకుని లేచింది.

ఆ సాయంత్రం ఆ ఆరుగురి ఇళ్లకీ బయల్దేరాం. నలుగురు మళ్లితే చాలు. మొదటి ఇంట్లో పిల్లాడి తల్లి ఎదురొచ్చి, "మీ పుణ్యమా అని మావాడు బతికిపోయాడమ్మా. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని వాడికే తెలిసొచ్చింది" అంటూ కుర్చీలు వేసింది. ఇక అక్కడ మాట్లాడటానికి ఏముంది? రెండో ఇంట్లో పిల్ల అంతా విని, "ఇంకొకరి కోసం దారి మార్చుకోవద్దని మీరే కదా చెప్పారు టీచర్" అంది. పొగరుగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. "నిజమేనమ్మా" అని ఆవిడ లేచి వచ్చేసింది.

వీధిలోకొచ్చాక నేను ఉండబట్టలేకపోయాను. "ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది? డాక్టర్ల బతుకు హాయిగా ఉంటుందని చెబితే రెండేళ్లు చదివేది కదా!"

"చదివేది. ఆ రెండేళ్లు తిరిగి ఎవరిచ్చేవారు మాష్టారూ, మీరా నేనా?"

మిగతా ఇళ్లకి వెళ్లకుండానే తిరిగొచ్చేశాం. గ్రూపు ఎత్తేశారు. మైక్రోస్కోపులకి గుడ్డలు కప్పి తాళం వేశాను. ఇప్పుడు ఆరో తరగతికి ఆకులూ వేర్లూ చెబుతున్నాను.

పిల్లులమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. సెలవులయ్యాక మెట్ల కింది గదికి వచ్చి, "నాన్న అకౌంట్స్‌లో చేర్పించారు టీచర్. అందులో ఏం పనులుంటాయో చూపిస్తారా?" అని అడిగింది. వెళ్లేటప్పుడు ఆవిడ నన్నూ రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

ఒక గోడౌన్ పక్కనున్న ఆఫీసుకి తీసుకెళ్లింది. నెల లెక్కలు ముగిసిన మర్నాడు. గుమాస్తాలు టీ తాగుతూ ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటున్నారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒకాయన ఈ పిల్లని తన కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వే మా మేనేజరువి" అన్నాడు. అందరూ నవ్వారు. కావాలనే ఆ గంట చూసుకుని తెచ్చిందని నాకు అర్థమైంది. ఆవిడ నా వైపు చూడలేదు.

బయటికొచ్చాక పిల్ల ఆగింది.

"ఇక్కడ కష్టమైన గంట ఎప్పుడు టీచర్? అప్పుడొద్దాం."

"ఈ పనికి అలాంటి గంట లేదమ్మా" అంది ఆవిడ.

పిల్ల వెంటనే నమ్మేసింది. ఆవిడ ఎప్పుడూ అబద్ధం చెప్పదని బడిలో పిల్లలందరికీ తెలుసు మరి.