దసరా పూజ అందుకున్న రైఫిల్‌తో నాక్స్‌విల్ దాకా

తుపాకుల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆఫీసు వాళ్ళతో ఒకసారి షూటింగ్ రేంజికి వెళ్ళి, ఇచ్చిన గుళ్ళలో రెండు కాగితానికి తగిలేలా కాల్చాను. మిగతావి కూడా అమెరికాలో ఎక్కడో ఒకచోట తగిలే ఉంటాయి. మా అల్ఫారెట్టా తెలుగువాళ్ళలో ఈపాటి అనుభవం ఇంకెవరికీ లేకపోవడంతో నేను నిపుణుణ్ణయ్యాను. 2009లో దసరా వెళ్ళాక డాక్టర్ రాఘవరావు అంకుల్ నాకు ఫోన్ చేసింది ఆ హోదాని నమ్మే.

అంకుల్ కెంటకీ బొగ్గుకొండల్లో ఒక చిన్న ఊళ్ళో పాతికేళ్ళ పైచిలుకు డాక్టరుగా పనిచేసి, రిటైరై మా వీధికి వచ్చారు. ఆ ఊళ్ళో ఎర్ల్ అని ఒక పేషెంటు. తన భార్య చనిపోయిన ఏడాది ఒక పాత రైఫిల్ తెచ్చి, "మా తాతది డాక్, మీ దగ్గర ఉండనీయండి" అని ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడట. గుర్రాల మీద తిరిగేవాళ్ళు వాడిన రకం. ట్రిగ్గర్ చుట్టూ ఇనప కొక్కెంలాంటి లీవర్ ఉంటుంది. దాన్ని కిందికి లాగి పైకి తెస్తే పాత గుండు బయటికొచ్చి కొత్తది లోపలికి పోతుంది.

"గోడకి తగిలించుకునే నకలు నీకు అంటగట్టాడోయ్" అని తోటి డాక్టర్లు అంకుల్‌ని ఏళ్ళ తరబడి ఏడిపించారు. ఇప్పుడు అంకుల్, కామేశ్వరి ఆంటీ ఫ్రీమాంట్‌లో కూతురి దగ్గరికి మారిపోతున్నారు. తుపాకీ మాత్రం గడప దాటడానికి వీల్లేదని కూతురు చెప్పేసింది. కాబట్టి అమ్మేయాలి. టెనెసీలోని నాక్స్‌విల్‌లో శనివారం గన్ షో, అంటే తుపాకుల సంత, ఉంది. పాత రైఫిళ్ళని చూసి విలువ కట్టే మనిషి అక్కడ కూర్చుంటాడట.

"విలువ సంగతి అలా ఉంచు బాబూ. ఎర్ల్ నా స్నేహితుడనుకున్నాను. అసలుది ఇచ్చాడా, నకలు ఇచ్చాడా, అది తేలాలి నాకు" అన్నారు అంకుల్.

తెల్లారి ఆరింటికి బయల్దేరాం. ఆంటీ పులిహోర, ఇడ్లీలు, ఫ్లాస్కులో కాఫీ సర్దారు. రైఫిల్ పట్టుపంచెలో చుట్టి ఉంది. వెనక సీట్లో ఆంటీ పక్కన ఏటవాలుగా పడుకోబెట్టి సీట్ బెల్ట్ కూడా పెట్టాం. గొట్టం కొస నా సీటుకి ఆని ఉంది. నేను పట్టించుకోలేదు.

చాటనూగా దాటాక రెస్ట్ ఏరియాలో ఆగాం. ఒక ట్రక్కు డ్రైవరు కార్లోకి తొంగిచూసి, "ఏదైనా వాయిద్యమా అమ్మా?" అని అడిగాడు.

"కాదు, పూజ సామాను" అన్నారు ఆంటీ. అబద్ధం కాదు. ముప్ఫై దసరాలుగా ఆ రైఫిల్ ఆయుధపూజ అందుకుంటోంది. కారు తాళాలు, అంకుల్ స్టెతస్కోపు, కుట్టుమిషను, వాటి మధ్యలో ఇది. ముందురోజు ఆవిడ దాన్ని చింతపండుతో తోమి, ఇనప పీచుతో రుద్ది, కొబ్బరినూనె రాసి, పండగనాడు పసుపూ బొట్టూ పెట్టి, కర్పూర హారతి ఇస్తారు. ట్రిగ్గర్ సందుల్లో పసుపు అందకపోతే దూదిపుల్లతో అద్దుతారట.

పదింటికి హాలు చేరాం. పార్కింగ్ అయిదు డాలర్లు, టికెట్ పది, పెద్దవాళ్ళకి ఒక డాలరు తక్కువ. లోపలికి వెళ్ళే ప్రతి తుపాకీనీ గుమ్మం దగ్గర తనిఖీ చేసి, పేలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. బల్ల వెనక కూర్చున్న లావుపాటావిడ అడిగింది.

"లోడెడా?"

"నో నో, పూజ గదిలో ఉండేది" అన్నారు అంకుల్, అది చాలు అన్నట్టు.

ఆవిడ గొట్టం గోడవైపు తిప్పి లీవర్ లాగింది. లోపల్నుంచి ఇత్తడి గుండొకటి ఎగిరి బల్లమీద పడి, దొర్లుకుంటూ వచ్చి అంకుల్ టికెట్‌కి తగిలి ఆగింది.

మా వెనక వరస చాలా క్రమశిక్షణతో నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ లీవర్ ఆడించింది. ఇంకేమీ రాలేదు. "ఒక్కటే" అంది, మమ్మల్ని ముగ్గుర్నీ ఎగాదిగా చూస్తూ.

"హారతి ఇచ్చాను కదండీ" అన్నారు ఆంటీ చిన్నగా. "పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని ఇచ్చాను." నేను నా నడుం తడుముకున్నాను. అల్ఫారెట్టా నుంచి అక్కడిదాకా ఆ గొట్టం ఎటు చూస్తూ వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది. నిపుణుడిగా నా వృత్తి అక్కడితో ముగిసింది.

విలువ కట్టే ఆయన పేరు వాల్టర్. తెల్లగడ్డం, మెడలో భూతద్దం. ఇరవై డాలర్లు తీసుకుని, రైఫిల్‌ని పసిపిల్లని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు. అడుగున ఉన్న నంబరు చూసి, తన పుస్తకంలో వేలు పెట్టి వెతికాడు. ఎనిమిది పలకల గొట్టం మీద అక్షరాలు చూశాడు. స్క్రూల తలల మీది గాళ్ళు చూశాడు. చెక్క ఇనుముతో కలిసేచోట గోరు పెట్టి గీశాడు.

"అసలుదే. నంబరు ప్రకారం 1884లో తయారైంది. నకళ్ళలో చెక్క ఇంత బిగువుగా కూర్చోదు" అన్నాడు.

అంకుల్ కళ్ళు మూసుకుని తెరిచారు. "చెప్పానా?" అన్నారు ఎవరితోనో. బహుశా కెంటకీలో ఆ తోటి డాక్టర్లతో.

"కానీ ఇదేమిటి?" వాల్టర్ అక్షరాల గాళ్ళలోంచి పుల్లతో పచ్చటి పొడి తీశాడు. వాసన చూసి ఇంకా అయోమయంలో పడ్డాడు. "వందేళ్ళ పాత ఇనుముకి ముదురు గోధుమరంగు పట్టి ఉండాలి. విలువంతా ఆ రంగులోనే. దీన్నెవరో గరిటెలా తోమేశారు!"

"నేనే" అన్నారు ఆంటీ. "ప్రతి ఏడూ."

వాల్టర్ గడ్డం పట్టుకున్నాడు. అంత పెద్దమనిషి ఏడుస్తాడేమోనని భయమేసింది. సేకరించేవాళ్ళెవరూ దీన్ని ముట్టుకోరని మర్యాదగానే చెప్పాడు. తర్వాత, గుమ్మం దగ్గర దొరికిన గుండు చూపించమన్నాడు. అంకుల్ ఇచ్చారు.

"ఇది మీరు పెట్టిందా?"

"నేను ఆ లీవర్ ముట్టుకోనే లేదు. ఎర్ల్ ఎలా ఇచ్చాడో అలాగే ఉంది."

"ఇది ఒక్కటే ఉందా?"

"ఒక్కటే."

వాల్టర్ గొంతు తగ్గించాడు. "డాక్టర్, దీని గొట్టం కింది అరలో డజనుకి పైగా గుళ్ళు పడతాయి. జింకల వేటకి వెళ్ళేవాడు ఒక్కటే పెట్టుకోడు. ఇచ్చినప్పుడు ఆయన పరిస్థితి ఏమిటి?"

"భార్య పోయి రెండు నెలలు."

"ఇలాంటివి నేను ముందూ చూశాను. కొందరు పాస్టరుకిస్తారు. కొందరు డాక్టరుకిస్తారు. తమని తాము నమ్ముకోలేక, అది ఇంట్లో ఉండకూడదని."

ఆ హాల్లో వందల మంది మాట్లాడుతున్నారు. కానుక అనుకుని ముప్ఫై ఏళ్ళు దాచిన వస్తువు బల్లమీద ధగధగలాడుతోంది.

"తర్వాత ఏమయ్యాడు?" అడిగాడు వాల్టర్.

"ఎనభై దాటాక పోయాడు, గుండెపోటుతో. ఏటా వేసవిలో టమాటాలు తెచ్చేవాడు." అంకుల్ రైఫిల్ మీద చెయ్యి వేశారు. "దీన్ని ఇంకెప్పుడూ పేలకుండా చేయగలరా?"

"గుండుని పొడిచే పిన్ను తీసేస్తే పేలదు. మిగిలిన కాస్త విలువా పోతుంది."

"తీసేయండి."

వాల్టర్ ఒప్పుకోడానికి పావుగంట పట్టింది, తీయడానికి అరగంట. ఈలోపు ఆంటీ ఫ్రీమాంట్‌కి ఫోన్ చేసి, తుపాకీ వాళ్ళతోపాటే వస్తోందనీ, దాన్ని వదిలేయమంటే తానూ రాననీ కూతురికి చెప్పారు. అటువైపు నుంచి ఏం వినపడిందో తెలీదు గానీ, కాల్ చిన్నదే.

రెండింటికి తిరుగుప్రయాణం. ఈసారి రైఫిల్ డిక్కీలో ఉంది. పేలదని తెలిసినా అక్కడే ఉంచమన్నాను. ఇలాంటి షోలకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిందల్లా, లోపల కాఫీ బాగుండదు, పాత ఇనుముని తోమకండి, ఎవరు ఏది ఇచ్చినా ఇంట్లో పెట్టుకునేముందు ఎందుకిస్తున్నావని అడగండి. టెనెసీ కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి. ఎవరూ వాటిని చూడలేదు.

చాలా దూరం వచ్చాక ఆంటీ అన్నారు: "ఆయన ఒకసారి అడగడానికొచ్చాడండీ."

అంకుల్ వెనక్కి తిరిగారు. "ఎవరు? ఎర్లా?"

"మొదటి దసరా వెళ్ళిన వారమే. మీరు ఆస్పత్రిలో ఉన్నారు. తుపాకీ తిరిగిచ్చేయమన్నాడు. పూజైన వస్తువు ఇంట్లోంచి పంపకూడదు, కావాలంటే వచ్చే ఏడు రమ్మని, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మీకు చెబితే మర్యాద తెలీదని కేకలేస్తారని చెప్పలేదు."

"ఏమన్నాడు?"

"గుమ్మంలోనే కూలబడ్డాడు. పులిహోర పెట్టాను. తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మిరపకాయ కొరికాడనుకుని మంచినీళ్ళిచ్చాను."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అంకుల్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా ఒళ్ళో ఉంచుకున్నారు.

"నేను ఇంట్లో ఉంటే ఇచ్చేసేవాణ్ణి కామేశ్వరీ" అన్నారు. "కారు దాకా నేనే మోసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి."