టెక్కలి నీళ్లు తాగిన పైలటు

మా ఉద్దానంలో మనిషి ఎంత గట్టివాడో చెప్పాలంటే ఎత్తూ బరువూ చెప్పరు, పలాస ల్యాబులో కిడ్నీల రిపోర్టు ఏమొచ్చిందో చెబుతారు. పెళ్లి భోజనాల దగ్గరా, చర్చి అయ్యాక చెప్పులు వెతుక్కునే చోటా, పూండి స్టేషన్లో పాసింజరు కోసం కూర్చున్న బెంచీ మీదా అదే మాట. మా నాన్న నేను ఏడో తరగతిలో ఉండగా ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. అప్పటి నుంచి నన్నూ అమ్మనూ చూసుకున్నది మా మేనమామ. తోటల్లో జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదనేవాడు.

పైలటు కావాలన్న పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది గానీ, బయటికి చెప్పుకునే ధైర్యం లేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అంటారని భయం. మావకొక్కడికే చెప్పాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను టెక్కలిలో డిగ్రీ చదువుతుండగా, ఆయన ఒక పేపరు ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు. కమర్షియల్ పైలటు శిక్షణ, ఎంపికైనవాళ్లకు ఫీజు లేదు. ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ చదివి ఉండాలి. చివరి తేదీకి ఇరవై రెండేళ్లు దాటకూడదు. డాక్టరు పరీక్షలో నెగ్గిన సర్టిఫికెట్టు దరఖాస్తుతో పాటే పంపాలి.

వయసు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. నాకు రెండు వయసులున్నాయి. పక్కింటి పిల్లలతో కలిసి బడికి పంపకపోతే గుక్కపట్టి ఏడుస్తున్నానని మాస్టారు జాలిపడి నాకు రెండేళ్లు కలిపి రాసుకున్నారు. అమ్మ లెక్కన నాకింకా ఇరవై నిండలేదు. పసివాడిగా నన్ను చర్చిలో దేవుడికి ప్రతిష్ఠించిన తేదీ అక్కడి రిజిస్టర్లో ఉంది, అదీ అమ్మ పక్షమే. కానీ విమానాల వాళ్లు నమ్మేది పదో తరగతి సర్టిఫికెట్టుని. దాని ప్రకారం ఇంకో నాలుగు నెలల్లో నేను ముసలివాణ్ణి. ఆ నాలుగు నెలల్లోనే చివరి తేదీ కూడా ఉంది. ఒకటే అవకాశం, రెండోది లేదు.

మావ మాత్రం వయసు గురించి దిగులు పడలేదు. ఆయన దిగులంతా మూత్ర పరీక్ష గురించి.

"ఉద్దానం నీల్లు తాగినోడికి ఇమానం ఎవుడిత్తాడ్రా అల్లుడా? ముందు నీల్లు మార్సాల," అన్నాడు.

జబ్బుకి నీళ్లే కారణమని ఖాయంగా చెప్పినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు, కాదని చెప్పినవాళ్లూ లేరు. మావకి ఆ సందేహాలు లేవు. మర్నాటి నుంచి మోపెడ్డుకి రెండు వైపులా రెండు డబ్బాలు కట్టి టెక్కలి నుంచి నీళ్లు మోయడం మొదలుపెట్టాడు. రోజూ వెళ్లే పలాస నుంచే తెచ్చుకోవచ్చు కదా అంటే, పలాస మరీ దగ్గర, మన నీళ్లు లోపల్లోపల అక్కడికి ఊరి ఉంటాయన్నాడు. నా అన్నం టెక్కలి నీళ్లతోనే ఉడకాలి. నేను పళ్లు తోమి పుక్కిలించేదీ ఆ నీళ్లతోనే. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకుని నాకు కొబ్బరిబొండం బందు.

"ఆ సెట్టు ఏ నీల్లు తాగిందనుకున్నావు?" అన్నాడు.

అది మాకు ఫిజిక్సులో చెప్పలేదు. జీడిపండూ బందే. ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారంలో చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. అందులో నీళ్లు కలుపుతారా, కలిపితే ఎక్కడివి అని మావ పాస్టరు గారినే అడిగాడు. ఆయన ఆ ఒక్క గుక్కకీ పూచీ దేవుడిదన్నారు. మావ ఒప్పుకున్నాడు గానీ, మనసులో నొచ్చుకున్నాడని నాకు తెలుసు.

పెళ్లిళ్లకి నా సీసా నేను పట్టుకెళ్లేవాణ్ణి. దాంతో నాకూ కిడ్నీలు పోయాయని ఊరంతా అనుకుంది. పరామర్శకి రావడం మొదలుపెట్టారు. రొట్టె, బత్తాయిలు, బిస్కెట్లు. నేను తోటలో బంతి ఆడి చెమటలు కక్కుతూ ఇంటికొస్తే, నా మంచం చుట్టూ చుట్టాలు కూర్చుని నా గురించి మెల్లగా మాట్లాడుకునేవారు. ఆ బత్తాయిలు ఎక్కడ కాశాయో కనుక్కుని మరీ మావ నాకు పెట్టేవాడు.

విశాఖపట్నంలో అసలు డాక్టరు పరీక్షకి రెండు నెలల ముందు, ఒకసారి చూపించుకుందామని నన్ను పలాసలో ఒక ల్యాబుకి తీసుకెళ్లాడు. ఇక్కడ మావ రాయి గురించి చెప్పాలి. జీడిపిక్కలు తూకం వేయించేటప్పుడు ఆయన ఏ కాటానీ నమ్మడు. సంచిలో సరిగ్గా అయిదు కిలోల గుండ్రాయి ఒకటి పెట్టుకుని తిరుగుతాడు. ముందు రాయి వేస్తాడు. కాటా అయిదు చూపిస్తేనే పిక్కలు వేస్తాడు. ల్యాబులోనూ అదే చేశాడు. నా మూత్రం సీసాతో పాటు తన సీసా కూడా ఇచ్చాడు. ఆయన ఒక్క రోజు జ్వరమని పడుకున్న మనిషి కాదు, బస్తా పిక్కలు ఒక్క భుజాన ఎత్తేవాడు. తన రిపోర్టు బాగా వస్తే మిషను మంచిది, అప్పుడు నా రిపోర్టుని నమ్మొచ్చు. అదీ లెక్క.

సాయంత్రం రెండు కాగితాలిచ్చారు. నా పేరున్న దానిలో ఏ దోషమూ లేదు. మావ పేరున్న దానిలో ప్రోటీన్ పక్కన మూడు ప్లస్సులున్నాయి, మా ఉద్దానంలో ఆ జబ్బుకి గుర్తు అదే.

మావ ఆ రెంటినీ చూసి చీటీలు తారుమారు చేశావని ల్యాబు కుర్రాడి మీద లేచాడు. అతను ఎంత చెప్పినా వినలేదు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "నాను రాయినిరా. రాయి తప్పు సూపిత్తాదేటి?" అన్నాడు.

నేనూ నమ్మాను. ఇవాళ తల్చుకుంటే నన్ను నేను చెంప వాయించుకోవాలనిపిస్తుంది. ఫిజిక్సు చదివినవాణ్ణి, ఇంకోసారి పరీక్ష చేయిద్దామన్న మాట నా నోట రాలేదు. నాన్న పోయిన ఇంట్లో ఆ మూడు ప్లస్సులు నావేనన్న మాట తేలిగ్గా కుదిరిపోయింది. అమ్మ రెండు రోజులు వంట చెయ్యలేదు. నా కూరలో ఉప్పు మానేశారు. మావ రోజుకి రెండుసార్లు టెక్కలి వెళ్లాడు. డబ్బాల్లోంచి తను ఒక్క గుక్క కూడా తాగేవాడు కాదు. అవి పైలటు నీళ్లు. ఎండలో అంత దూరం మోసుకొచ్చి, డబ్బాలు దించి, నూతి దగ్గరికెళ్లి చేద నుంచి కడుపునిండా తాగేవాడు.

విశాఖలో డాక్టరు నన్ను ఒంటికాలి మీద నిలబెట్టాడు. చెవుల్లోకి చూశాడు, పళ్లు లెక్కపెట్టాడు, గుండె విన్నాడు. అన్నీ బాగున్నాయన్నాడు. నాకు ఏదీ ఎక్కలేదు, మూత్రం రిపోర్టు కోసం చూస్తున్నాను. ఆఖర్న రంగుచుక్కల పుస్తకం ఒకటి తెరిచి, చుక్కల్లో ఏ అంకె కనబడుతోందో చెప్పమన్నాడు. మొదటి పేజీలో పన్నెండు అన్నాను. సరే అన్నాడు. రెండో పేజీలో మూడు అన్నాను.

తలుపు దగ్గర బల్ల మీద నుంచి మావ గొంతు తగ్గించి, "ఎనిమిది గదేటి అల్లుడా," అన్నాడు.

తర్వాతి పేజీల్లో నాకు చుక్కలే కనబడ్డాయి. మావకి అన్నింట్లోనూ అంకెలు కనబడ్డాయి. డాక్టరు ఆయన్ని బయటికి పొమ్మనలేదు, ఆయనకీ సరదా పుట్టినట్టుంది. చివరికి పుస్తకం మూసి, నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదనీ, పుట్టుకతో వచ్చిందనీ, మందు లేదనీ, విమానం నడపడానికి పనికిరాననీ చెప్పాడు. ఇరవై ఏళ్లు ఆ సంగతి నాకే తెలియలేదు. తెలియడానికి అవసరమేముంది? జీడిపిక్కలు కింద రాలినవే ఏరుతాం, రంగు చూసి కోసేది లేదు. రైలు గేటు పైకి లేస్తే పోతాం, దిగితే ఆగుతాం.

నాకు ఏడుపొచ్చింది. మావ మాత్రం కళ్ల మాట పట్టించుకోలేదు.

"మరి ఒంటేలు మాటేటి బాబూ?" అని అడిగాడు.

డాక్టరు మూత్రం కాగితం చూసి, అందులో ఏ దోషమూ లేదన్నాడు. కిడ్నీలు ఎంతో బాగున్నాయన్నాడు.

మావ నన్ను మెట్ల మీదే వాటేసుకున్నాడు. బస్‌స్టాండు దాకా నవ్వుతూనే ఉన్నాడు. విమానం పోతే పోయింది, అల్లుడు దక్కాడని కనబడ్డవాళ్లకల్లా చెప్పాడు, కండక్టరుకి కూడా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నా బతుకులో ఉన్న ఒక్క కోరిక చుక్కల పుస్తకంలో పోయింది, ఈయనకి పండగా అనుకున్నాను. శ్రీకాకుళం దాటేదాకా మొహం తిప్పుకునే కూర్చున్నాను.

నరసన్నపేట దాటాక మావ మాట్లాడ్డం మానేశాడని గమనించాను. ఒళ్లో సంచి పెట్టుకుని, గుడ్డ మీద నుంచే లోపలి రాయిని తడుముతున్నాడు. విశాఖ పరీక్షకి కూడా దాన్ని తెచ్చాడని నాకప్పుడే తెలిసింది. ఎందుకని అడగబోతూ ఆయన మొహం చూశాను. అప్పుడు నాకూ తెలిసింది. నా కిడ్నీలు బాగున్నాయంటే పలాసలో చీటీలు మారలేదు.

"కాటా సరిగ్గానే ఉన్నాదిరా అల్లుడా," అన్నాడు. రాయి మీద నుంచి చెయ్యి తీసి, "రాయే తప్పు," అన్నాడు.

నా సీసాలో ఇంకా సగం నీళ్లున్నాయి. మూత తీసి ఇచ్చాను. పుచ్చుకోలేదు. అవి నీవి అన్నాడు. ఇంక నేను పైలటుని కాను మావా అన్నాను. అప్పుడు తాగాడు.

మర్నాడు మోపెడ్డుకి డబ్బాలు కట్టుకుని టెక్కలి వెళ్లింది నేను. ఆరేళ్లు వెళ్లాను. ఆయన మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో కూడా గ్లాసు నోటి దగ్గర పెడితే, ఎక్కడివని అడిగే తాగేవాడు.